సముద్రానికి పోయే దార్లు రికార్డులోకి ఎక్కించండి: సిక్కోలు, విజయనగరం తీర పంచాయతీలకి, కలెక్టర్ గార్లకి బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కలెక్టర్ గార్లకి, ఇచ్ఛాపురం పక్కన డొంకూరు నుంచి భోగాపురం పక్కన ముక్కాం దాకా ఒడ్డునున్న పంచాయతీల పెద్దలకి, సెక్రటరీలకి, తాసిల్దార్లకి నమస్కారం అండి.

అడగాల్సింది ముందే అడిగేస్తాను. ఊళ్ళోంచి సముద్రం ఒడ్డుకి పోయే ప్రతి దారినీ, అది బళ్ళు తిరిగే గోర్జి (బండిదారి) అయినా సరే, సరుగుడు తోటల మధ్య మనిషి పట్టేంత కాలిబాట అయినా సరే, కొలిపించి, పంచాయతీ రిజిస్టర్లో రాయించి, రెవెన్యూ మ్యాపులో గీత గీయించండి. అది అయ్యాకే ఒడ్డు పక్క లేఔట్లకి, రిసార్టులకి పర్మిషన్ ఇవ్వండి. ఇంకేం అడగట్లేదు. ఈ లెటర్లో మిగతాదంతా ఆ పని ఇప్పుడే ఎందుకు చెయ్యాలి, అది మీ చేతిలో ఎందుకుంది అని చెప్పడానికే.

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు గారి పేరుతో ఎయిర్‌పోర్టుకి 2023 మే నెలలో శంకుస్థాపన అయింది, సంతబొమ్మాళి మండలం మూలపేట పోర్టుకి దానికి ఒక నెల ముందు ఏప్రిల్లో అయింది. అప్పట్నుంచి ఒడ్డు భూముల బేరాలు ఎలా నడుస్తున్నాయో మీకు తెలీనిది కాదు. జీడితోట, సరుగుడు తోట, కొబ్బరి తోట అని అమ్మిన భూమి మర్నాటికి సీ వ్యూ ప్లాట్లు అని బోర్డు కట్టుకుంటోంది. అమ్ముకున్నవాణ్ణి నేను తప్పుపట్టను, పిల్ల పెళ్ళికో అప్పుకో అమ్ముకున్నాడు, కొన్నవాణ్ణి కూడా తప్పుపట్టను, డబ్బులు పెట్టి కొనుక్కున్నాడు. కానీ ఆ తోటలోంచి ఊరంతా నడిచే బాట ఒకటి ఉంటాది కదండీ, అది అమ్మినవాడిదీ కాదు కొన్నవాడిదీ కాదు, మరి కంచె వేసినప్పుడు అది ఎటుపోయింది? దస్తావేజులో దాని మాట ఉండదు, ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్కులో గీత ఉండదు, ఫెయిర్ అడంగల్ అనే పాత భూమి రిజిస్టర్లో రాసుండదు, ఉన్నదల్లా ఊరోళ్ళ కాళ్ళకి అలవాటు. అలవాటుకి సాక్ష్యం అడిగితే ముసలోళ్ళు తప్ప ఇంకెవరూ లేరు.

ఒడ్డుని ఎవరూ కొనలేరు, ఆ సంగతి అందరికీ తెలుసు. కానీ ఒడ్డుకి పోయే దారి మూసేస్తే ఒడ్డు కొన్నట్టే. ముందు రెండు రాళ్ళు పాతుతారు, తర్వాత తీగ కడతారు, తర్వాత గేటు పెడతారు, గేటుకి మొదట్లో తాళం ఉండదు, వాచ్‌మన్ కూడా మనూరి కుర్రాడే ఉంటాడు కాబట్టి వెళ్ళనిస్తాడు, ఏడాది తిరిగేసరికి తాళం పడతాది, ఆ కుర్రాడి బదులు ఎవరో కొత్తాయన ఉంటాడు. అప్పటికి ఊళ్ళో సగం మందికి వేరే దారి అలవాటైపోతాది, మిగతా సగం మంది గొడవెందుకులే అని ఊరుకుంటారు.

మా వైపు ఒక ఊళ్ళో ఇది నా కళ్ళతో చూశాను, ఊరి పేరు రాయను, స్థలం ఎవరిదో కూడా రాయను, ఎందుకంటే నా గొడవ ఆ ఒక్కరితో కాదు. పొద్దున్న బోటు ఒడ్డుకి కొట్టగానే వల దులుపుతారు, కవ్వళ్ళో కానాగంతలో, ఏ చేప పడితే ఆ చేప ఇసక మీద కుప్ప పోస్తారు, అక్కడికక్కడే వేలం పాట పాడతారు. పాట అయిపోయిన మరుక్షణం నుంచి ఆ చేపకి టైము మొదలైనట్టే, ఎండ ఎక్కేకొద్దీ రేటు దిగుతాది. ఆడోళ్ళు చుట్టకుదురు పెట్టుకుని గంప నెత్తికెత్తుకుంటారు, ఐసు కరిగిన నీళ్ళు చెవి పక్క నుంచి మెడ మీదకి కారి జాకెట్టు తడిసిపోతాది, ఒక చేత్తో గంప పట్టుకుని ఇంకో చేత్తో ఆ నీళ్ళు తుడుచుకుంటా పరుగులాంటి నడక నడుస్తారు, తార్రోడ్డు మీద ఆటో ఉంటాది కాబట్టి. ఆటో వాడు ఆగడు, వాడికి నరసన్నపేట సంతో శ్రీకాకుళం మార్కెట్టో అందాలి. మునుపు ఆ నడక తిన్నగా తోట మధ్య గోర్జిలో ఉండేది, గట్టి నేల. ఇప్పుడు గేటు పడింది కాబట్టి ఒడ్డు వెంట పక్కూరి రేవు దాకా మెత్తటి ఇసకలో పోయి అక్కడి నుంచి చుట్టు తిరిగి రావాలి. తడి గంప నెత్తి మీదుంటే మెత్తటి ఇసకలో కాలు చీలమండ దాకా దిగిపోతాది, పీక్కుంటా నడవాలి. అందులో ఒక పెద్దావిడ నాతో అంది, "ఏటి బాబూ, మా అత్త నడిసిన గోర్జి, మా అత్తకి అత్త నడిసిన గోర్జి, గేటెట్టేసినారు. నాను గంపెట్టుకుని సుట్టు తిరిగెల్లీసరికి ఆటో ఎల్లిపోతంది." ఆవిడ అంతకంటే ఎక్కువేం అడగలేదు. ఆటో అందితే చాలు ఆవిడకి. మా అమ్మ కూడా గంప ఎత్తిన మనిషే, అందుకే ఆ మాట నన్ను వదల్లేదు, అందుకే ఈ లెటరు రాస్తున్నాను.

ఇప్పుడు చట్టం సంగతి. నేను లాయర్ని కాదు గానీ ఈ విషయంలో చట్టం మామూలు మనిషి పక్షానే గట్టిగా నిలబడింది, మనమే దాన్ని వాడట్లేదు. తీరంలో ఏది కట్టొచ్చో ఏది కట్టకూడదో చెప్పే సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ మొదట 1991 ఫిబ్రవరిలో వచ్చింది, 2011లో మార్చారు, 2019లో మళ్ళీ మార్చారు, మూడూ 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చినవే. పోటు గీతకీ (పోటప్పుడు నీళ్ళు వచ్చే హద్దు) పాటు గీతకీ (నీళ్ళు వెనక్కి తగ్గే హద్దు) మధ్యన ఉన్న నేలని అందులో సీఆర్‌జెడ్ ఒకటి-బి అన్నారు. పోటు గీతకి ఇవతల, పల్లెటూళ్ళలో జనసాంద్రత చదరపు కిలోమీటరుకి 2161 కంటే తక్కువుంటే 200 మీటర్ల దాకా, అంతకంటే ఎక్కువుంటే 50 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కట్టకూడని ఏరియా. ఇవన్నీ ఆఫీసుల్లో అందరికీ తెలిసినవే. తెలిసినా ఎవరూ పెద్దగా తియ్యనిది ఇంకోటుంది, బీచ్ రిసార్టులకి పెట్టిన షరతుల్లో ఉంది. ప్రైవేటు స్థలం చుట్టూ ముళ్ళతీగ కంచె వేసుకోవచ్చు గానీ ఆ కంచె జనం బీచ్‌కి పోయే దారికి ఏ రకంగానూ అడ్డు రాకూడదు అని స్పష్టంగా రాసుంది. రెండు హోటళ్ళ మధ్యో రిసార్టుల మధ్యో జనం బీచ్‌కి పోవడానికి కనీసం 20 మీటర్ల వెడల్పు ఖాళీ వదలాలి అని కూడా రాసుంది. 20 మీటర్లంటే ట్రాక్టరు బోటుని లాక్కుంటా పోతుంటే ఎదురుగా ఐసు ఆటో రావొచ్చు, అంత వెడల్పు.

సుప్రీంకోర్టు 1996 డిసెంబర్లో కమల్‌నాథ్ కేసులో చెప్పింది, అది హిమాచల్‌లో బియాస్ నది కేసు, కానీ అందులో చెప్పిన మాట మనకీ వర్తిస్తాది. సముద్రతీరం, పారే నీళ్ళు, గాలి, అడవులు ఇవి జనం అందరివీ, ప్రభుత్వం వీటికి ధర్మకర్త మాత్రమే, సొంతదారు కాదు అని. మన గుడి మాన్యానికి ధర్మకర్త ఉంటాడు కదండీ, ఆయన మాన్యాన్ని చూసుకోవాలి గానీ అమ్ముకోకూడదు, ఇదీ అలాంటిదే. ఇంక గోవాలో వైంగిణిం అనే బీచ్ దగ్గర పెద్ద హోటల్ ఒకటి జనం ఒడ్డుకి పోయే దారి మీద కట్టేస్తే అక్కడి మామూలు జనం కోర్టుకి వెళ్ళారు, ఏళ్ళ తరబడి నడిచింది, 2009 జనవరిలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి జనమే గెలిచారు. దారికి అడ్డొచ్చిన భాగం కూలగొట్టాల్సిందే అని అప్పుడు కోర్టు తీర్పిచ్చింది. ఆ కేసు నేను ఎందుకు ఎత్తుతున్నానంటే అక్కడ జనం గెలవడానికి ఒక కారణం, ఆ దారి గురించి కాగితం ఉంది, స్థలం ఇచ్చేటప్పుడు రాసుకున్న ఒప్పందంలో బీచ్‌కి దారి మాట ఉంది. మన ఊళ్ళలో ఆ కాగితమే లేదు. రేపు మన గోర్జి గురించి ఎవరైనా కోర్టుకి వెళ్తే జడ్జి గారు అడిగే మొదటి ప్రశ్న ఈ దారి ఏ రికార్డులో ఉంది అనే కదా.

దీనికి మీ దగ్గర్నుంచి నేను విన్న జవాబు ఒకటే, మా చేతిలో ఏముందండీ అని. పంచాయతీకి వెళ్తే రెవెన్యూ వాళ్ళని అడగమంటారు, తాసిల్దార్ ఆఫీసుకి వెళ్తే అది సీఆర్‌జెడ్ సంగతి, విజయవాడలో చూస్తారు అంటారు, పోలీస్ స్టేషన్‌కి వెళ్తే సివిల్ మేటర్ అంటారు, మెరైన్ పోలీసుల్ని అడిగితే మాకు నీళ్ళ వైపే అంటారు. వాళ్ళలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు, నిజంగానే సముద్రం అన్నాక అందరిదీ ఒక్కో ముక్క. 12 నాటికల్ మైళ్ళ అవతల చేపల వేట కేంద్రం చూసుకుంటాది, లోపల రాష్ట్రం చూసుకుంటాది. 1994 నాటి మన రాష్ట్ర సముద్ర వేట చట్టం కింద ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు నీళ్ళు తెప్పల వాళ్ళకి, చిన్న బోట్ల వాళ్ళకి వదిలి పెద్ద మరబోట్లు అవతలకి పోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. లైట్‌హౌస్ వాళ్ళది వేరే డిపార్ట్‌మెంటు, తాబేలు గుడ్లు పెడితే అటవీశాఖ, ఇసకలో ఇల్మనైట్, గార్నెట్ లాంటి ఖనిజాలు ఉంటే గనుల శాఖ. ఇంతమందిలో ఊళ్ళోంచి ఒడ్డు దాకా ఉన్న ఆ కాస్త నేల మీది బాట ఎవరిది అంటే, అది మాత్రం పంచాయతీదేనండి. ఊరి దార్లు పంచాయతీవి అని పంచాయతీరాజ్ చట్టమే చెప్తోంది. సముద్రం మీద మీకు అధికారం లేకపోవచ్చు, సముద్రానికి పోయే దారి మీద ఉంది.

పైగా లేఔట్ ఫైలు మీ టేబుల్ మీదకి రాకుండా పోదు. టెక్నికల్ అప్రూవల్ పట్టణాభివృద్ధి సంస్థ ఇచ్చినా లేఔట్లో రోడ్లూ ఖాళీ స్థలమూ పంచాయతీకి గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి, అది రాసుకునే చెయ్యి మీదే. ఆ రోజున ప్లాన్ పరిచి చూడండి, లేఔట్ లోపలి రోడ్డు సముద్రం వైపు కాంపౌండ్ గోడకి తగిలి ఆగిపోతోందా, లేక ఒడ్డు దాకా పోతోందా. ఆగిపోతే వెనక్కి పంపండి. పాత గోర్జి ఎక్కడుండేదో ఆ ప్లాన్ మీద పెన్నుతో గీసి, ఇది వదిలి గియ్యండి అని రాసి పంపండి. ఒక్క సంతకం ఆపితే చాలు, అవతలి వాళ్ళే పరిగెత్తుకుంటా వస్తారు, ఎందుకంటే అప్రూవల్ లేని ప్లాటుకి బ్యాంకు లోను రాదు.

కలెక్టర్ గార్లకి ఇంకో మాట. సీఆర్‌జెడ్ అమలు చూడ్డానికి జిల్లా స్థాయి కమిటీ ఉండాలని, దానికి మీరే ఛైర్మన్ అని, అందులో మత్స్యకారులతో సహా స్థానిక తీర జనం తరఫున కనీసం ముగ్గురు మెంబర్లు ఉండాలని నోటిఫికేషన్లోనే ఉంది. మన రెండు జిల్లాల్లో ఆ ముగ్గురు ఎవరో పేర్లు ప్రతి తీర పంచాయతీ నోటీస్ బోర్డు మీద అంటించండి, కమిటీ ఎప్పుడు కూర్చుంటాదో తేదీ రాయండి. దారి మూసేశారని చెప్పుకోవడానికి మనిషికి ఒక చోటు కావాలి. ఇప్పుడు సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీ తిరిగి తిరిగి ఏ పంచాయతీ మీద ఫిర్యాదో ఆ పంచాయతీకే వచ్చి పడుతోంది. అలాగే తీరం మ్యాపుల్లో మత్స్యకారుల ఊళ్ళు, వాళ్ళ ఉమ్మడి స్థలాలు, చేపలు ఆరబెట్టే చోట్లు, ఊరి రోడ్లు అన్నీ చూపించాలని 2011 నోటిఫికేషన్లోనే ఉంది. వజ్రపుకొత్తూరు వైపు నెత్తళ్ళు ఆరేసే ఇసక ఎంత మేర ఉంటాదో ఒక్కసారి ఎండాకాలం పొద్దున్న వచ్చి చూడండి, ఆ చోటు మ్యాపులో ఖాళీ ఇసకగా ఉంటే దానికేదో ఒక ప్రాజెక్టు రాసేయడం సులువు. మ్యాపులో ఇది చేపలు ఆరబెట్టే చోటు అని రాసుంటే అంత సులువు కాదు.

రీసర్వే గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఇది అర్జెంటు. డ్రోన్లు, రోవర్లు (చేత్తో పట్టుకుని కొలిచే యంత్రాలు) పెట్టి భూములు మళ్ళీ కొలుస్తున్నారు, పాత సర్వే నంబర్లు పోయి కొత్త ఎల్పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వస్తున్నాయి. రోవర్ పట్టుకుని సర్వేయర్ వచ్చిన రోజున ఎవరి భూమి వాళ్ళు గట్టు మీద నిలబడి చూపించుకుంటారు. కాలిబాటకి ఎవరు నిలబడతారు? దానికి పట్టాదారు లేడు. ఆ రోజు పంచాయతీ తరఫున ఎవరూ వెళ్ళకపోతే ఆ బాట పక్క రైతుల కొలతల్లో కలిసిపోతాది, ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు, ఊరికే కలిసిపోతాది. తర్వాత దాన్ని విడదీయించాలంటే మన పిల్లల తరం పట్టుద్ది. ఇప్పటికే రీసర్వే అయిపోయిన ఊళ్ళు ఉంటే ఆ మ్యాపు తీసి ఒడ్డు వైపు ఒక్కసారి చూసుకోండి.

మీరు ఒడ్డుకి జనాన్ని రానివ్వడానికి భయపడే కారణం కూడా నాకు తెలుసు. మునిగిపోయే పిల్లలు. కార్తీకమాసం పిక్నిక్కులకి, శివరాత్రికి, మాఘ పౌర్ణమి స్నానాలకి, ఎండాకాలం సెలవలకి ప్రతి ఏడూ ఎక్కడో ఒక చోట ఒక ఇల్లు ఖాళీ అవుతోంది. కళింగపట్నం, బారువ, చింతపల్లి, ఏ బీచ్ అయినా సముద్రం సముద్రమే. శవం ఒడ్డుకి వచ్చేదాకా ఆ తల్లిదండ్రులు ఇసకలో కూర్చోవడం చూసినవాడెవడూ మీ భయాన్ని తీసిపారెయ్యడు. కానీ ప్రమాదం అయిన మర్నాడు దారికి అడ్డంగా కర్రలు కట్టి ప్రవేశం నిషేధం అని బోర్డు పెడితే ఏమవుతోంది? తెలిసినవాళ్ళు, అంటే ఊరోళ్ళు, వలలోళ్ళు, వాళ్ళ రాకపోకలు తగ్గుతాయి, తెలీనివాళ్ళు, అంటే బయట్నుంచి వచ్చిన కుర్రాళ్ళు, పక్క తోటలోంచి దూరి ఎవరూ లేని చోట దిగుతారు. పదిమంది జాలర్లు ఉన్నచోట మునిగినవాణ్ణి లాగేవాళ్ళుంటారు, ఎవరూ లేని చోట ఎవరుంటారు.

మన దగ్గర చాలామంది పోయేది లోతుకి కాదు, వెనక్కి లాగే నీళ్ళకి. ఒడ్డుకి కొట్టిన అలల నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోవాలి కదా, అవి ఇసక తిన్నెల మధ్య ఒక సందు చూసుకుని అందులోంచి జోరుగా పోతాయి. ఆ సందులో అల విరగదు, నురగ ఉండదు, రంగు కాస్త నల్లగా, చూడ్డానికి నిమ్మళంగా ఉంటాది. ఈత రాని కుర్రాడు అలల్ని చూసి భయపడి ఇదే మంచి చోటు అని సరిగ్గా అక్కడే దిగుతాడు. లాగుతోందని తెలిశాక ఒడ్డు వైపే ఎదురీదుతాడు, అలిసిపోయి మునుగుతాడు. ఎదురీదకుండా ఒడ్డు వెంట పక్కకి ఈదితే ఆ సందు దాటిపోతాడు, అక్కణ్ణుంచి అలలే తోస్తాయి. వంశధార కలిసే కళింగపట్నం దగ్గర, చంపావతి కలిసే కోనాడ దగ్గర, ఇలా నది మొగల్లో ఇంకా ప్రమాదం, అక్కడ నది తోపు కూడా తోడవుతాది. ఈ సంగతి ఒక్క బోర్డు మీద బొమ్మ వేసి తెలుగులో రాసి ప్రతి దారి చివర పెట్టండి. ఊళ్ళో ఈతగాళ్ళని, వేట నిషేధం రోజుల్లో ఎలాగూ పనుండదు కాబట్టి, సెలవ రోజులకైనా కూలి ఇచ్చి కూర్చోబెట్టండి, తాడూ ట్యూబులూ ఇవ్వండి. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం వాళ్ళు అలల ఎత్తు గురించి ముందే హెచ్చరికలు ఇస్తారు, అవి మత్స్యకారుల ఫోన్లకి వస్తున్నాయి, పంచాయతీ మైకులో కూడా చెప్పొచ్చు. ఇవన్నీ చెయ్యాలంటే 108 బండి ఒడ్డు దాకా రావాలి. మునిగినవాణ్ణి బయటికి తీశాక గేటు తాళం కోసం వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు. దారి తెరిచి ఉంచడమే ప్రాణం కాపాడే పని, మూసెయ్యడం కాదు.

ఎప్పుడూ మూయకూడదు అని నేను అనట్లేదు. తుఫాను హెచ్చరిక ఉంటే మూయండి, 2018 అక్టోబర్లో తిత్లీ దెబ్బకి ఉద్దానం ఏమైందో చూసినవాళ్ళం. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట రాత్రిపూట లైట్లు, బళ్ళు ఆపండి, అది వన్యప్రాణి చట్టం షెడ్యూల్ ఒకటిలో ఉన్న జీవి, మా చేపల వేటగాళ్ళే మీకు సాయం పడతారు. పోర్టు లోపలికి ఎవరూ పోకూడదంటే సరే, ఆ గోడ ఎక్కడిదాకా ఉందో చెప్పి, గోడ పక్క నుంచి ఇంకో దారి ఇవ్వండి. కానీ ఎవరు మూసినా, ఎందుకు మూశారు, ఏ తేదీ దాకా, ఎవరి ఆర్డరు మీద అని కాగితం అంటించాలి. ఇప్పుడు మన దగ్గర ఉన్న మూసివేతల్లో చాలావాటికి తేదీ లేదు, సంతకం లేదు.

డబ్బుల సంగతి ఒకటి త్వరగా చెప్పేస్తాను. బీచ్‌కి జనం పెరిగితే పంచాయతీకి ఆశీలు వేలం పాడాలనిపిస్తాది, చెత్త ఎత్తాలి, మరుగుదొడ్లు కట్టాలి, డబ్బు కావాలి, నిజమే. బండి పెట్టుకున్నందుకు రసీదు ఇచ్చి పార్కింగ్ తీసుకోండి, ఎవరూ కాదనరు. మనిషి సముద్రం చూసినందుకు మాత్రం టికెట్ పెట్టకండి. 2023 జులైలో విశాఖ రుషికొండలో మనిషికి 20 రూపాయలు అన్నారు, జనం ఒప్పుకోలేదు, ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. తల్లో తండ్రో పోతే అస్థికలు కలపడానికి వచ్చినవాడి దగ్గర, గంగమ్మకి మొక్కు తీర్చుకోడానికి వచ్చినావిడ దగ్గర చీటీ చింపే రోజు మన ఒడ్డుకి రాకూడదు. మా కులపెద్దలకి కూడా ఇదే చెప్తున్నాను, బయటి ఊరోళ్ళు మన రేవుకి రాకూడదని కట్టడి పెట్టే ఊళ్ళు కొన్ని ఉన్నాయి, వలలకీ బోట్లకీ కట్టడి ఉంటే అర్థం ఉంది, నడిచే మనిషికి కట్టడి పెడితే రేపు గేటు పెట్టినవాణ్ణి మనం ఏ మొహంతో అడుగుతాం.

మీరు చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. వచ్చే గ్రామసభ ఎజెండాలో దీన్ని పెట్టండి. సభకి ముందు ఒక రోజు పొద్దున్న సెక్రటరీ, సర్వేయర్, వీఆర్వో, ఊళ్ళో ముసలోళ్ళు నలుగురు, గంపలెత్తే ఆడోళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి దార్లన్నీ నడవండి. ఆడోళ్ళు తప్పకుండా ఉండాలి, మగోళ్ళకి రేవు దారి ఒకటే తెలుసు, కర్రకి పోయే దారీ, నీళ్ళకి పోయే దారీ, చేపలు ఆరెయ్యడానికి పోయే దారీ ఆడోళ్ళకే తెలుసు. ప్రతి దారికీ మొదలూ చివరా ఫోన్లోనే లొకేషన్ తీసుకోండి, వెడల్పు టేపుతో కొలవండి, ఇప్పుడు కంచె ఉన్నచోట కంచె ఫోటో తియ్యండి. చివర మాత్రం ఏదో ఒక రాయి దగ్గర ఆపకండి. మన తీరం ఒక చోట కోసుకుపోతోంది, ఇంకో చోట ఇసక వేస్తోంది, ఇవాళ రాయి పాతిన చోటు పదేళ్ళకి సముద్రంలో ఉండొచ్చు, లేకపోతే సముద్రమే దూరం జరగొచ్చు, అప్పుడు మధ్యలో మిగిలిన నేల మాదే అని ఎవరైనా అనొచ్చు. అందుకని తీర్మానంలో ఇలా రాయండి:

"మా పంచాయతీ పరిధిలో ఈ కింద రాసిన దార్లు జనం ఎప్పట్నుంచో సముద్రం ఒడ్డుకి నడుస్తున్న దార్లు. ఇవి పంచాయతీ దార్లు. ప్రతి దారీ పోటు గీత ఎక్కడుంటే అక్కడిదాకా ఉంటుంది, తీరం జరిగితే దారి కూడా దాంతో జరుగుతుంది. వీటి మీద కంచె, గేటు, గోడ, గొయ్యి ఉండకూడదు. ఇప్పటికే ఉన్నవాటికి నోటీసు ఇచ్చి తీయించాలి. ఈ దార్లను రీసర్వే రికార్డులోనూ, తీర మ్యాపులోనూ చూపించవలసిందిగా తాసిల్దార్ గారిని, జిల్లా కమిటీని కోరుతున్నాం. ఒడ్డు పక్క ఏ లేఔట్‌కీ, కట్టడానికీ ఈ జాబితా చూడకుండా పంచాయతీ అనుమతి ఇవ్వదు."

ఇది ఒక్క పేజీ. కాపీ ఒకటి తాసిల్దార్‌కి, ఒకటి కలెక్టర్ ఆఫీసుకి, ఒకటి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి పంపి రసీదు తీసుకోండి. సబ్‌రిజిస్ట్రార్‌కి ఎందుకంటే కొనేవాడికి ముందే తెలియాలి, తెలిసి కొంటే తర్వాత అతనూ మోసపోయాననుకోడు, మనతో గొడవా పడడు.

మొదట ఏ ఊరైనా ఒప్పుకుంటే ఆ నడకకి నేను వస్తాను, మా వైపు కుర్రాళ్ళని తీసుకొస్తాను, టేపు, సున్నం, రాసుకునే పుస్తకం మేమే తెస్తాం. వేట నిషేధం టైములో అయితే ఊళ్ళో మగోళ్ళంతా ఇళ్ళ దగ్గరే ఉంటారు, ఏప్రిల్ 15 దాటాక ఏ రోజైనా పర్లేదు, పొద్దున్నే ఎండెక్కక ముందు మొదలెడదాం. తేదీ మీరు చెప్పండి.

ఇట్లు,
సిక్కోలు ఒడ్డు ఊరి మనిషి